ఏ ఛానెల్ గురించి మాట్లాడుతున్నాం?

"ఛానెల్ పూడిపోయింది." నెల్లూరు జిల్లాలో ఈ మాట సంగం వైపు రైతు అంటే చెరువుకు నీళ్లు తెచ్చే కాలువ అని అర్థం. కృష్ణపట్నం రేవులో పనిచేసే మనిషి అంటే ఓడలు లోపలికి వచ్చే దారి. వెల్డింగ్ షాపులో ఛానెల్ అంటే ఇనుప కడ్డీ, వడ్రంగి దగ్గర సొరుగు జారే పట్టా. బడి పంతులు దరఖాస్తు "ప్రాపర్ ఛానెల్"లో వెళ్లాలి. రక్తపోటుకు డాక్టరు రాసే మాత్ర కాల్షియం ఛానెల్‌ను అడ్డుకుంటుంది. పక్కింటి కుర్రాడికి యూట్యూబ్‌లో ఒక ఛానెల్ ఉంటుంది.

ఒక మాటకు పది అర్థాలుండటం ఏ భాషలోనైనా మామూలే. సందర్భాన్ని బట్టి అర్థమైపోతుంది, తగువు రాదు. కానీ ఈ మాట విషయంలో నాకొక బాధ ఉంది. ఛానెల్ అంటే మొదట మార్గం. రానురాను ఆ మార్గంలో వచ్చేదానికి కూడా అదే పేరు పెట్టాం. దాంతో వచ్చేది ఆగిపోతే మార్గమే లేదనుకునే అలవాటు పట్టుకుంది. టీవీ విషయంలో అలా అనుకుంటే నష్టం లేదు. చెరువు విషయంలో అలా అనుకోవడం వల్ల ఊళ్లకు ఊళ్లే దెబ్బతింటున్నాయి. అందుకే ఈ అర్థాలను ఒక్కొక్కటిగా విడదీసి చూడాలి.

ముందు మాట పుట్టుక. లాటిన్‌లో రెల్లు కాడను "కన్నా" అనేవారు. లోపల బోలుగా ఉండే కాడ కాబట్టి దాని నుంచి గొట్టం, నీటి తూము అనే అర్థంలో "కనాలిస్" వచ్చింది. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి రెండు దారుల్లో చేరి ఒకచోట కెనాల్, మరోచోట ఛానెల్ అయింది. అంటే ఈ రెండూ ఒక తల్లి బిడ్డలే. మన కాలువ కూడా వినడానికి కెనాల్ లాగే ఉంటుంది కాబట్టి అక్కడి నుంచే వచ్చిందని కొందరు నమ్ముతారు. అది పొరపాటు. కాలువకు చుట్టాలు తమిళంలోని కాల్వాయ్, కన్నడంలోని కాలువె. ఇది ద్రావిడ భాషల సొంత మాట, పోలిక కేవలం కాకతాళీయం.

ఇంగ్లీషులో సాధారణంగా మనిషి తవ్వింది కెనాల్, దానంతట అది ఏర్పడింది ఛానెల్. కానీ మన నీటిపారుదల శాఖ వాడుక వేరు. పెద్దది కెనాల్, చిన్నది ఛానెల్. తీరం వెంబడి సాగే బకింగ్‌హామ్ కాలువ కెనాల్. దాని తవ్వకం 1806లో చెన్నై దగ్గర మొదలై, ముక్కలు ముక్కలుగా ఉత్తరానికి పెరిగింది. 1876-78 కరువు కాలంలో కూలి పనుల కింద తవ్వించిన మద్రాసు గవర్నరు పేరు దానికి స్థిరపడింది. అది పడవల కోసం తవ్విన ఉప్పునీటి కాలువ. పొలాలకు నీళ్లివ్వడం దాని పని ఎప్పుడూ కాదు. కాలువ అనగానే సేద్యం గుర్తుకొచ్చే మనకు ఈ తేడా ముఖ్యం.

సేద్యపు నీటి సంగతికి వస్తే నెల్లూరు ఒక పాఠశాల లాంటిది. పెన్నా మీద నెల్లూరు దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు సంగం దగ్గర రెండోది వచ్చింది. ఆ రెండు చోట్లా కట్టిన కొత్త బ్యారేజీలు 2022 సెప్టెంబరు 6న ప్రారంభమయ్యాయి. వాటి నుంచి కనిగిరి రిజర్వాయరుకు, సర్వేపల్లి రిజర్వాయరుకు, జాఫర్ సాహెబ్ కాలువ లాంటి వాటికి నీళ్లు మళ్లుతాయి. పైన సోమశిలలో 78 టీఎంసీలు, కండలేరులో 68 టీఎంసీలు పట్టే జలాశయాలున్నాయి. పేరున్న ఈ పెద్ద కాలువల గురించి ఎవరికీ సందేహం లేదు. చిక్కంతా వాటి కింద, ఊరి హద్దుల్లో, పేరు లేని ఛానెళ్ల దగ్గరే.

ఒక చెరువు దగ్గర నిలబడితే కనీసం మూడు రకాల ఛానెళ్లు కనిపిస్తాయి. ఎగువన వాన పడిన నేల నుంచో, నది కాలువ నుంచో నీళ్లు తెచ్చేది సప్లై ఛానెల్. కొన్ని ఊళ్లలో దీన్నే వరవ కాలువ అంటారు. చెరువు నిండిపోతే మిగిలిన నీళ్లు కలుజు మీదుగా పొర్లి బయటికి పోయే దారి సర్‌ప్లస్ ఛానెల్. మిగతా చోట్ల అలుగు అనేదాన్నే ఈ వైపు కలుజు అంటాం. తూము ఎత్తితే పొలాలకు పారేది పంట కాలువ. అది పిల్ల కాలువలుగా, చివరికి పొలాల మధ్య బోదెలుగా చీలుతుంది. ఇంగ్లీషు రికార్డుల్లో ఆ బోదెను ఫీల్డ్ ఛానెల్ అంటారు.

ఇక్కడే అసలు చిక్కుముడి ఉంది. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు సర్‌ప్లస్ ఛానెలే కింది చెరువుకు సప్లై ఛానెల్. కాలువ అదే, పేర్లు రెండు. పై ఊరివాళ్లకు అది వదిలించుకోవాల్సిన నీళ్లు పోయే దారి, కింది ఊరివాళ్లకు ప్రాణాధారం. పై ఊరి రైతుకు అది పూడితే పెద్ద లెక్క లేదు, పైగా గట్టు పక్క నేల కలిసి వస్తుంది. కింది ఊరి చెరువు ఎందుకు నిండటం లేదో కింది ఊళ్లో ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే కారణం పక్క గ్రామ పటంలో ఉంది. దీనికి తోడు పెత్తనం ముక్కలైపోయి ఉంటుంది. నేల రెవెన్యూ వారిది, రికార్డులో "కాలువ పోరంబోకు" అని ఉంటుంది. మరమ్మతు జలవనరుల శాఖ చూడాలి. ఊరు దాటే చోట అది పంచాయతీకో, మునిసిపాలిటీకో మురుగు కాలువ. 1997లో వచ్చిన చట్టంతో ఏర్పడిన నీటి సంఘాలకు కూడా ఇందులో బాధ్యత ఉంది. నలుగురిదీ అయినది చివరికి ఎవరిదీ కాకుండా పోతోంది.

ప్రకాశం వైపు మరో పాఠం కనిపిస్తుంది. గుండ్లకమ్మ మీద విజయనగర రాజుల కాలంలో కట్టిన కంభం చెరువు ఇప్పటికీ నిలిచి ఉంది. అదే మెట్ట ప్రాంతానికి శ్రీశైలం జలాలు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టులో జంట సొరంగాలు ఒక్కొక్కటీ 18 కిలోమీటర్లకు పైనే కొండ కింద సాగుతాయి. అవి తవ్వడం పూర్తయిందన్న వార్తలకు ఊళ్లలో పండగ వాతావరణం వచ్చింది. 2024 మార్చిలో వాటిని జాతికి అంకితం చేశారు. కానీ సొరంగం కొండను దాటిస్తుంది అంతే. అక్కడి నుంచి ఫీడర్ కాలువ, దాని తర్వాత పిల్ల కాలువలు, ఆపైన బోదెలు సిద్ధమైతేనే మార్కాపురం రైతు మడిలో నీళ్లు నిలుస్తాయి. ఇంజనీర్లు ఇవన్నీ వేర్వేరు పేర్లతో వేర్వేరు ప్యాకేజీలుగా చూస్తారు. రైతుకు కావాల్సింది తన మడి దాకా తెగకుండా వచ్చే ఒకే దారి. ఎక్కడ ఒక మూర తెగినా పైనున్న ఖర్చంతా అక్కడే ఆగిపోతుంది.

సముద్రం మీద ఛానెల్ కంటికి కనిపించదు. కృష్ణపట్నం రేవు 2008లో ఆధునిక ఓడరేవుగా మొదలైంది. చుట్టూ ఎటు చూసినా నీళ్లే, కానీ పెద్ద ఓడకు పనికొచ్చే లోతు ఒక సన్నని పట్టీలోనే ఉంటుంది. ఆ పట్టీని తవ్వి, రెండు పక్కలా తేలే గుర్తులు కట్టి, రేవులోకి వచ్చే ఓడకు ఎడమ చేతి వైపు ఎర్రవి, కుడి చేతి వైపు ఆకుపచ్చవి ఉండేలా చూస్తారు. మన దేశం పాటించే అంతర్జాతీయ పద్ధతి అది. ఆ రెండు రంగుల మధ్య నడిస్తేనే ఓడ క్షేమం. తూర్పు తీరంలో అలలు ఏడాది మొత్తం మీద ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెడతాయి కాబట్టి తవ్విన పట్టీ మళ్లీ పూడుతూనే ఉంటుంది. డ్రెడ్జర్లు మాటిమాటికీ ఎందుకు వస్తాయంటే ఇందుకే. చిన్న పడవల మత్స్యకారులకూ ఇదే గోస. మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే నోరు, పూడిందంటే పడవ సముద్రంలోకి దిగదు, దిగినా తిరిగి రావడం ప్రాణాల మీదికి వస్తుంది.

పోటీ పరీక్షలకు చదివే పిల్లల కోసం ఇక్కడ ఒక మాట. అండమాన్‌కూ నికోబార్‌కూ మధ్య పది డిగ్రీల ఛానెల్, మినికాయ్‌కూ మిగతా లక్షదీవులకూ మధ్య తొమ్మిది డిగ్రీలది, మినికాయ్‌కూ మాల్దీవులకూ మధ్య ఎనిమిది డిగ్రీలది. ఆ అంకెలు అక్షాంశాలు. దక్షిణ అండమాన్‌కూ లిటిల్ అండమాన్‌కూ మధ్య ఉన్నదాన్ని మాత్రం డంకన్ పాసేజ్ అంటారు, మనకూ శ్రీలంకకూ మధ్యది పాక్ జలసంధి. ఛానెల్, పాసేజ్, జలసంధి అనే పేర్లకు గట్టి నియమం వెతకొద్దు. పటాలు గీసిన నావికులు ఏ పేరు పెడితే అదే నిలిచింది. 1958లో మిహిర్ సేన్ ఈది దాటిన ఇంగ్లీష్ ఛానెల్‌ను అవతలి ఒడ్డున ఫ్రెంచివారు "చొక్కా చెయ్యి" అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు.

ఇనుప ఛానెల్ సంగతి సులువు. అడ్డంగా కోసి చూస్తే మూడు వైపులా గోడలుండి ఒక వైపు తెరిచి ఉంటుంది, అచ్చం కాలువ అడ్డుకోత. అందుకే ఆ పేరు. ఐఎస్ఎంసీ అంటే మన దేశ ప్రమాణం ప్రకారం చేసిన మధ్యరకం బరువు ఛానెల్. ఐఎస్ఎంసీ 100 అని అడిగితే 100 మిల్లీమీటర్ల లోతున్నది ఇస్తారు. అందులో ఏదీ పారదు, ఆకారం ఒక్కటే మిగిలింది. ప్రభుత్వ కార్యాలయాల్లో ప్రాపర్ ఛానెల్ అంటే కాగితం పారే క్రమం. ఉపాధ్యాయుడి దరఖాస్తు ప్రధానోపాధ్యాయుడి దగ్గర మొదలై మండల విద్యాశాఖాధికారి మీదుగా జిల్లా విద్యాశాఖాధికారి దాకా వెళ్లాలి. ప్రతి మెట్టు మీదా ఒక షట్టరు ఉందన్నమాట. అది ఎత్తడం, దించడం ఆ కుర్చీలో ఉన్నవారి చేతిలో ఉంటుంది.

ఇప్పుడు గాలిలో ఛానెల్. పాత దూరదర్శన్ రోజుల్లో ఒక టీవీ ఛానెల్ అంటే తరంగాల్లో 7 మెగాహెర్ట్జ్‌ల వెడల్పున్న ఒక పట్టీ. బొమ్మ, ధ్వని రెండూ ఆ హద్దుల్లోనే ఇమడాలి. ఒకే ఊళ్లో రెండు కేంద్రాలు ఒకే పట్టీ మీద ప్రసారం చేస్తే రెండూ చెడతాయి, అందుకే ఎవరికి ఏ పట్టీ అనేది ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 1948లో క్లాడ్ షానన్ అనే అమెరికా గణిత శాస్త్రవేత్త ఏ ఛానెల్‌లోనైనా తప్పుల్లేకుండా పంపగల సమాచారానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుందని నిరూపించాడు. అది రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి పట్టీ వెడల్పు, రెండోది రొదతో పోలిస్తే సంకేతం బలం. ఇవాళ మన ఫోన్లన్నీ ఆ పరిమితికి లోబడే పనిచేస్తున్నాయి.

తర్వాత డిజిటల్ వచ్చింది. ఉపగ్రహంలో సంకేతాలను అందుకుని తిరిగి కిందికి పంపే 36 మెగాహెర్ట్జ్‌ల ట్రాన్స్‌పాండర్ ఒక్కదానిలోనే పదికి పైగా టీవీ ఛానెళ్లను కుదించి పంపగలుగుతున్నారు. రిమోట్ మీద మనం నొక్కే అంకెకు ఇప్పుడు తరంగాల పట్టీతో సంబంధం లేదు. అది సెట్‌టాప్ బాక్సులో రాసుకున్న ఒక వరుస సంఖ్య మాత్రమే. ఛానెల్ అంటే దారి అన్న అర్థం ఇక్కడ మాసిపోయింది. కార్యక్రమాలు పంపే సంస్థకే ఆ పేరు నిలిచింది. యూట్యూబ్ వచ్చేసరికి అది పూర్తయింది. అక్కడ ఛానెల్ అంటే మనిషి, అతని పేరు, అతని వీడియోల కట్ట. వీడియోలు పెట్టడం మానేస్తే "ఆ ఛానెల్ పోయింది" అంటాం. అందులో తప్పేమీ లేదు. కానీ తరంగాల పట్టీ పోదు. అందులో ప్రసారం ఉన్నా లేకపోయినా అది ప్రజల ఆస్తి. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టంగా చెప్పింది. ఎవరూ వాడని ఫ్రీక్వెన్సీ కదా అని ఎవరైనా సొంతంగా ప్రసారం మొదలుపెడితే చట్టం ఊరుకోదు.

మన ఒంట్లో ఉన్న ఛానెళ్లు ఈ విషయాన్ని ఇంకా బాగా చూపిస్తాయి. కణం చుట్టూ ఉండే పొర కొవ్వుతో తయారైంది. సోడియం, పొటాషియం, కాల్షియం అయాన్లు (విద్యుదావేశమున్న పరమాణువులు) దాన్ని వాటంతట అవి దాటలేవు. ఆ పొరలో అక్కడక్కడా ప్రోటీన్లతో అల్లిన ద్వారాలుంటాయి, అవే అయాన్ ఛానెళ్లు. పొటాషియం ఛానెల్‌ను చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. సోడియం అయాను పొటాషియం కన్నా చిన్నది. చిన్నది కాబట్టి సులువుగా దూరిపోవాలి కదా? దూరదు. నీళ్లలో ఉన్నప్పుడు ప్రతి అయానును నీటి అణువులు చుట్టుముట్టి పట్టుకుని ఉంటాయి. లోపలికి పోవాలంటే వాటిని వదులుకోవాలి. ఛానెల్ ఇరుకు భాగంలో ఆక్సిజన్ పరమాణువులు సరిగ్గా పొటాషియం కొలతకు సరిపోయేంత దూరంలో నిలబడి, అది వదులుకున్న నీటి పట్టును భర్తీ చేస్తాయి. సోడియం మరీ చిన్నది కావడంతో వాటికి అందదు, నీళ్లను వదులుకుని నష్టపోవడం దానికి గిట్టదు. అందుకే బయటే ఆగిపోతుంది. ఈ నిర్మాణాన్ని విప్పి చూపినందుకు రోడరిక్ మెకినన్‌కు, నీటి అణువులను మాత్రమే పోనిచ్చే ఆక్వాపోరిన్‌ను కనుగొన్నందుకు పీటర్ ఆగ్రేకు కలిపి 2003లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆక్వాపోరిన్‌ను జీవశాస్త్రంలో వాటర్ ఛానెల్ అనే పిలుస్తారు.

పన్ను పీకే ముందు ఇచ్చే లిగ్నోకెయిన్ నాడుల్లోని సోడియం ఛానెళ్లను కొంతసేపు మూసేస్తుంది, నొప్పి కబురు మెదడుకు చేరదు. రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్ రక్తనాళాల కండరాల్లో కాల్షియం ఛానెళ్లను అడ్డుకుంటుంది, కండరం సడలి నాళం వెడల్పవుతుంది. కొందరికి ఆ మాత్రతో పాదాలు వాచేది కూడా సన్నని నాళాల్లోకి ఒత్తిడి పెరిగి నీరు కణజాలంలోకి ఊరడం వల్లే. అలా వాస్తే మాత్ర సొంతంగా మానేయకుండా రాసిన డాక్టరుకు చెప్పాలి.

ఈ ఛానెళ్లలో చాలావరకు ఎక్కువ సమయం మూసే ఉంటాయి. గుండె కొట్టుకునే లయంతా అవి ఎప్పుడు తెరుచుకుంటాయి, ఎంతసేపు మూసుకుంటాయి అన్నదాని మీద నడుస్తుంది. మూసి ఉన్నప్పుడు కూడా ఛానెల్ తన పని తాను చేస్తూనే ఉంది. తెరుచుకోవాల్సిన క్షణం వచ్చినప్పుడు అక్కడ ద్వారం ఉండటమే దాని పని.

మన సప్లై ఛానెల్‌ది కూడా సరిగ్గా ఇదే పని. నెల్లూరు జిల్లాకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు లోపు వస్తాయి. మిగతా నెలల్లో చాలా సప్లై ఛానెళ్లు ఎండే ఉంటాయి. అప్పుడు చూసినవారికి అది సర్కారు తుమ్మ పెరిగిన పల్లం, చెత్త పోసే గుంత, రెండు పొలాల మధ్య ఖాళీ జాగా. "ఇందులో నీళ్లు పారి ఎన్నేళ్లయింది" అని ఒకరు అంటారు, మరొకరు గట్టు ఒక గజం జరుపుతారు. ఆ తర్వాత లేఅవుటు రోడ్డు కోసం కాలువను మూసి, అడుగున రెండు సిమెంటు పైపులు వేస్తారు. "నీళ్లకు దారి వదిలాం కదా" అంటారు.

ఆ దారి ఎంతో లెక్క వేసి చూడాలి. అడుగున 3 మీటర్ల వెడల్పు, 1 మీటరు లోతు ఉన్న మట్టి కాలువ అనుకుందాం. గట్ల వాలును లెక్కలోకి తీసుకోకపోయినా నీళ్లు పట్టే అడ్డుకోత 3 చదరపు మీటర్లు. 60 సెంటీమీటర్ల వ్యాసమున్న పైపు అడ్డుకోత 0.28 చదరపు మీటర్లు. రెండు పైపులు కలిపితే 0.57. అంటే ఐదో వంతు కూడా లేదు. మొదటి వానకే కొట్టుకొచ్చిన తుమ్మ కొమ్మలు, ప్లాస్టిక్ సంచులు వాటి నోటికి అడ్డం పడితే అదీ ఉండదు. అప్పుడు నీళ్లు రోడ్డెక్కి పక్క కాలనీలోకి దిగుతాయి, దిగువ చెరువు మాత్రం సగం కూడా నిండదు. 2015 నవంబరు వానలు చూసిన ఎవరికీ దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఒకే రాత్రి ఒక వీధి మునగడం, దాని దిగువన చెరువు వెలితిగా ఉండటం రెండూ ఒకే పైపు చేసిన పని.

తరంగాల పట్టీకి ఉన్న రక్షణ మట్టి కాలువకు కూడా చట్టంలో ఉంది. చెరువులు, కుంటలు సమాజం ఉమ్మడి వనరులని, వాటిని ఇళ్ల స్థలాలుగా ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 2001లో ఒక తీర్పులో చెప్పింది. రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం ఉంది. కాలువ పోరంబోకు అని రికార్డులో ఉన్న నేల ఎండినంత మాత్రాన ఎవరి పట్టా భూమి కాదు. లేనిదల్లా అది ఛానెల్ అని అందరూ ఎండాకాలంలో కూడా గుర్తుపట్టడం.

గుర్తుపట్టడానికి సాధనాలు మన ఊళ్లోనే ఉన్నాయి. గ్రామ పటంలో వాగులు, కాలువలు గీతలుగా కనిపిస్తాయి. ఏ సర్వే నంబరులో ఎంత విస్తీర్ణం కాలువ పోరంబోకుగా ఉందో భూముల రీసెటిల్మెంట్ రిజిస్టరైన ఆర్‌ఎస్‌ఆర్‌లో ఉంటుంది. ఆ నంబరుకు గట్ల కొలతలు ఎఫ్ఎంబీ (ఫీల్డ్ మెజర్మెంట్ బుక్) పటంలో ఉంటాయి. గ్రామ సర్వేయరును, వీఆర్వోను అడిగితే వీటిని చూడవచ్చు, నకళ్లకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కింది ఊరివారైతే తమ గ్రామ పటంతో ఆగకుండా పై గ్రామం పటం కూడా తీసుకోవాలి, సర్‌ప్లస్ ఛానెల్ అక్కడ మొదలవుతుంది కాబట్టి. అర్జీలో "కాలువ ఆక్రమించారు" అని వదిలేయకుండా సర్వే నంబరు, రికార్డులో ఉన్న వెడల్పు, ఇప్పుడున్న వెడల్పు, అది ఏ చెరువుకు సప్లై ఛానెల్ అన్నది రాయాలి. అలా రాసిన అర్జీని ఒక ప్రతి తహసీల్దారుకు, ఒకటి జలవనరుల శాఖకు, ఒకటి పంచాయతీకి ఇచ్చి రసీదులు ఉంచుకోవాలి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల స్వీకరణలో ఆ రసీదులతో సహా ఇవ్వవచ్చు. కొలతలు వేయించడం మే, జూన్ నెలల్లోనే జరిగితే మేలు. అక్టోబరులో నీళ్లు దిగాక కొలత గొలుసు పట్టడం కుదరదు, జేసీబీ గట్టు మీదికి రాదు.